బామ్మర్ది దాచిన చెప్పులు

నా పెండ్లినాడు చర్చి గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి లేవు. మాలో పెండ్లికూతురి తమ్ముళ్లు పెండ్లికొడుకు చెప్పులు దాస్తారు. చేతిలో ఏదో ఒకటి పెడితే గాని ఇవ్వరు. రూతమ్మకు ఒక్కడే తమ్ముడు, జీవరాజు. అప్పటికి వాడు నిక్కర్ల పిల్లవాడు. దాచడమైతే దాచాడు గాని, భోజనాల సందట్లో ఎక్కడ దాచాడో మరిచిపోయాడు. నేను వట్టికాళ్లతోనే పెండ్లికూతురిని వెంటబెట్టుకొని మా ఊరికి నడిచాను. నేను పుట్టి ఎరిగాక తొడిగిన మొదటి జత అది.

ఆనాటి నుంచి వాడు ఎదురుపడితే నేను అడిగేది ఒక్కటే మాట. నా చెప్పులేవిరా అని. వాడు చెప్పిన జవాబు మళ్లీ చెప్పేవాడు కాదు. ఒకసారి నక్క ఎత్తుకపోయిందనేవాడు. ఒకసారి బోధన్ సంతలో మరాఠీ సేటుకు అమ్మి మిరపకాయ బజ్జీలు తిన్నాననేవాడు. మంజీరలో మొసలి తొడుక్కొని తిరుగుతున్నదని ప్రమాణం కూడా చేశాడు. నేను మాటల మనిషిని కాను. ఊళ్లో నన్ను మూగ వీరస్వామి అంటారు. మా ఇంట్లో బర్రె అయినా ఒకటి రెండు మాటలంటుంది గాని బావ అనడని, అక్కను చూసి చూసి మూగవాడికి ఇచ్చామని జీవరాజు నలుగురిలో అనేవాడు. బావను బామ్మర్ది గాక ఎవరంటారు. నాకు అది ఇష్టంగానే ఉండేది.

వాడు మిషన్ బోర్డింగులో ఉండి పది చదివాడు. నిజామాబాద్‌లో కొత్తగా తెరిచిన చెరకు సంరక్షణ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఏ ఊరివాళ్లు ఎప్పుడు చెరకు కొట్టాలి, ఎవరు బెల్లం వండుకోవచ్చు, అన్నీ ఆ ఆఫీసు చేతిలోనే. మా వాడకట్టులో సర్కారు కుర్చీ ఎక్కిన మొదటివాడు వాడే.

అరవై నాలుగో సంవత్సరం వానాకాలంలో, పొద్దుగూకే వేళ, మంజీర దిక్కు ఒక చుక్క రాలింది. మా ఊరు రుద్రూర్ అవతల, చుట్టూ చెరకు. తోటల నడుమ మడుగులో నీళ్లు తాటిచెట్టంత లేచాయి. మరునాడు ఆఫీసు జీపు వచ్చింది. పెద్ద అధికారి ఆత్మారాం, ఆయన వెంట జీవరాజు. మడుగులో ఒక నల్లరాయి దొరికింది. ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నది. తడి గోనెలో చుట్టి జీపులో పెట్టుకున్నారు. జీవరాజు ఎక్కబోతుంటే నేను చెప్పులడిగాను. ఈ రాయి కిందనే పడ్డాయి బావా, నిజామాబాద్‌లో ఎత్తి చూస్తాం అన్నాడు. జీపులో వాళ్లంతా నవ్వారు. ఆత్మారాం కూడా నవ్వాడు.

తర్వాత వాడు చాలా రోజులు రాలేదు. చెరకు కొట్టుడు మొదలైనాక ఒక ఆదివారం వచ్చాడు. చలి బాగా ఉన్నది. మెడకు తడి తువ్వాల చుట్టుకొని ఉన్నాడు. మేమంతా పొయ్యి చుట్టూ చేరితే వాడు తలుపు దగ్గర, గాలి తగిలేచోట కూర్చున్నాడు. రూతమ్మ జొన్నరొట్టె వేడిగా ఇస్తే ఆరనిచ్చి తిన్నాడు.

"నా చెప్పులేవిరా?" అని అడిగాను.

"చర్చి గంట వెనక గోడలో ఒక రాయి ఊడింది, బావగారూ. ఆ సందులో ఉన్నాయి. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాను. కొత్త జత పంపిస్తాను" అన్నాడు.

రూతమ్మ సంబరపడింది. తమ్ముడికి ఆఫీసు మర్యాద వచ్చిందని, ఇప్పుడు వాడు పెద్దమనిషి అయ్యాడని అన్నది. వాడకట్టు వాళ్లు కూడా అట్లాగే అనుకున్నారు. చదువుకున్నవాడు గారు అంటే తప్పేమిటి. నేను మాత్రం రొట్టె పక్కన పెట్టాను.

మరో ఆదివారం అత్తగారి ఊరికి పోయి, గంట వెనక గోడ తడిమాను. రాయి ఊడిన సందు ఉన్నది. చెయ్యి పెడితే ఎండి వంకరపోయిన తోలు తగిలింది. నా చెప్పులే. మడమ దగ్గర నేనే కొట్టించుకున్న ఇత్తడి మేకు పచ్చబడి ఉన్నది. పిల్లప్పుడు మరిచిపోయినదాన్ని ఇన్నేళ్లకు ఎట్లా చెప్పగలిగాడు. చెప్పగలిగినా ఎందుకు చెప్పాడు. ఆ జవాబు ఒక్కసారి చెబితే ఇక మేము మాట్లాడుకునేది ఏమీ ఉండదని వాడికి తెలియదా. తీసిన చోటే చెప్పులు పెట్టి ఇంటికి వచ్చాను. రూతమ్మకు ఒక్కదానికే చెప్పాను. వారం తిరగకముందే ఆఫీసు జవాను కొత్త జత తెచ్చి ఇచ్చి పోయాడు. కొయ్యకు తగిలించాను గాని కాలికి తొడగలేదు.

అప్పుడే ఆఫీసు హుకుం వచ్చింది. ఊళ్లో డప్పు కొట్టి చాటించారు. మా దగ్గర చెరకు కొట్టినాక పొలంలో పడిన ఎండుటాకును కాలుస్తాం. కాలిస్తేనే మొదళ్ల నుంచి మళ్లీ పిలకలు శుభ్రంగా వస్తాయి. ఇక కాల్చకూడదన్నారు. ఆకును అట్లాగే వదిలి, దాని మీద నీళ్లు పెట్టి, ఉగాది దాకా నానబెట్టాలన్నారు. కాల్చినవాడికి వచ్చే ఏడు చెరకు వేసే అనుమతి ఉండదు. జనం గొణుక్కున్నారు. అయినా సర్కారు మాట కదా అని నీళ్లు పెట్టారు.

మా వాడకట్టు వాళ్లం కలిసి అనుమతి లేకుండానే ఒక బెల్లం పెనం నడుపుకునేవాళ్లం. పొయ్యి ముందు కూర్చొని చెరకు పిప్పి తోసేవాడు లింగం. లింగానికి బూతు లేకుండా మాట పుట్టదు. పిల్లలను పిలిచినా తిట్టే, దేవునికి మొక్కినా తిట్టే. ఒక మధ్యాహ్నం వాడు నానిన ఆకు మీద తల పెట్టి కునుకు తీసి, లేచి నేరుగా ఇంటికి పోయి, తన భార్యను భూమవ్వగారూ అని పిలిచాడట. అన్నం పెడతారా అని అడిగాడట. ఆమె చాట చేతిలో పట్టుకొనే పెనం దగ్గరికి ఉరికివచ్చింది.

"మొగడు తిడితే ఓర్సుకున్న గని, గిట్లంటే నాకు భయమైతుంది ఈరసామన్నా. నా మొగని నాకియ్యి" అన్నది.

మావాళ్లకు నవ్వులాట అయింది. కల్లు ఎక్కువైందన్నారు. లింగాన్ని పట్టుకువచ్చి, పద పొయ్యి ముందు కూర్చో అని లాగారు. వాడు కేక వేయలేదు. అటు వద్దండీ అని మెల్లగా అంటూనే ఎద్దులా వెనక్కి తన్నుకున్నాడు. బక్క లింగానికి అంత బలం ఎక్కడిదని మాకు నవ్వు ఆగిపోయింది. నలుగురం కలిసి వాణ్ని పొయ్యి మూతి ముందు కూలేశాం. పైన పాకం కుతకుత ఉడుకుతున్నది. సెగ మెడకు తగలగానే వాడి జుట్టు అంచు కింద తోలు కదిలింది. చిటికెనవేలంత పొడవు, నీళ్లలో నానిన పేగు లాంటిది, తోలు చీల్చుకొని జారి నిప్పుల బూడిదలో పడింది. పడి చిట్లింది. లింగం ఊపిరి పీల్చుకొని ఒక తిట్టు తిట్టాడు. అది ఇక్కడ రాయలేను. భూమవ్వ అది విని ఏడ్చింది.

ఏమైందిరా అని అడిగితే లింగం మెడ రుద్దుకుంటూ చెప్పాడు.

"నేను లోపట్నే ఉన్న. ఎవడో నా ఇంట్ల జొరవడి, నా కంచంల తినుకుంట, నన్ను మూలకు కూసోవెట్టినట్టు. నేను మర్సిపోయిన ముచ్చట్లు గూడ తవ్వి తీస్తుండు. గని నగుడు రాదు వానికి. తిట్టుడు రాదు."

నేను రూతమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తున్నది. తమ్మి, అన్నది. అంతే అన్నది. ఆమె తమ్ముణ్ని తెచ్చి ఆమె ముందు నిలబెడతానని ఆ పొయ్యి దగ్గరే అనుకున్నాను.

మరునాడు బోధన్‌లో రైలెక్కి నిజామాబాద్ పోయాను.

సర్కారు ఆఫీసంటే నాకు తెలిసింది కసురుకోవడం. ఈ ఆఫీసులో ఆ చప్పుడు లేదు. అంత చలిలో పంకాలు తిరుగుతున్నాయి. కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లుతున్నారు. ఎవరూ బీడీ కాల్చడం లేదు, చాయ్ తాగడం లేదు. అందరి మెడలకూ తడి తువ్వాలలే. జీవరాజు లేచి నమస్కారం చేసి నన్ను లోపలికి తీసుకుపోయాడు. ఆత్మారాం కూడా లేచాడు.

"రండి వీరస్వామి గారూ, కూర్చోండి" అని కుర్చీ చూపించాడు.

నా జన్మలో ఏ ఆఫీసులోనూ ఎవరూ నన్ను కూర్చోమనలేదు. మా తాత చావడి బయట చెప్పులు చేత పట్టుకొని నిలబడ్డాడు. మా నాయనా అంతే. కూర్చున్నాను. నా చెప్పులేవిరా అని జీవరాజును అడిగాను. గోడ సందులో ఉన్నాయని, కొత్తవి సరిపోయాయా అని వాడు అడిగాడు. ఆత్మారాం నన్నే చూస్తున్నాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసిపోయింది. దాచలేదు. ఎండ లేని దూరపు చోటునుంచి వచ్చామని నిమ్మళంగా చెప్పాడు. తాము వచ్చాక ఈ ఆఫీసులో లంచం పోయింది, కులం అడగడం పోయింది, కసురుకోవడం పోయింది, మీకు వచ్చిన కష్టమేమిటో చెప్పండి అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. బయట వరండాలో రైతులంతా బెంచీల మీద కూర్చొని ఉన్నారు. మా కులంవాళ్లు కూడా వాళ్ల పక్కనే కూర్చొని ఉన్నారు. నాకు మాటలు తొందరగా దొరకవు.

"కుర్సీ కావాలె దొరా" అన్నాను. "శాన దినాలసంది కావాలె. గని మనిషి ఇచ్చిన కుర్సీ కావాలె. నా బామ్మర్దిని నాకియ్యిండ్రి."

ఆత్మారాం తల ఊపాడు. ఉగాదికి మీ తోటల్లో ఆకు బాగా నానుతుందని, అప్పుడు అందరికీ ఇదే నెమ్మది దొరుకుతుందని, మీకూ దొరుకుతుందని చెప్పాడు. హైదరాబాదుకూ పంపే ఏర్పాటు జరుగుతున్నదన్నాడు. మూలలో ఒక చెక్కపెట్టె ఉన్నది. దానికి కట్టిన గోనె నుంచి నీళ్లు కారుతున్నాయి.

"మీరు ఎవరికి చెప్పుకుంటారు? సర్కారుకే గదా చెప్పుకోవాలి" అన్నాడు. వెటకారం కాదు. మర్యాదగానే అన్నాడు.

సర్కారుకే చెప్పుకుంటాను అని లేచాను. వరండాలోకి వచ్చి అందరి నడుమ నిలబడ్డాను. అంత గట్టిగా నేను ఎన్నడూ అరవలేదు. నేను వీరస్వామిని, అనుమతి లేకుండా బెల్లం వండుతున్నాను, రేపు కూడా వండుతాను, దమ్ముంటే గుమాస్తా జీవరాజును పంపి పెనం జప్తు చేసుకోండి అన్నాను. రైతులు తిరిగి చూశారు. పక్క ఊరి పటేలు ఒకాయన, వీడి పెనం పట్టకపోతే మేమూ వండుతాం అన్నాడు. మిగతావాళ్లు అవునవునన్నారు. ఆత్మారాం తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఆఫీసు ఆఫీసులాగే నడవాలి, లేకపోతే పైవాళ్లకు అనుమానం వస్తుంది. అందరి ముందు వచ్చిన ఫిర్యాదును అది వదలలేదు. తప్పకుండా చర్య తీసుకుంటామని ఆయన చెప్పక తప్పలేదు.

మరునాడు పొద్దెక్కినాక జీపు జీవరాజును ఊరి పొలిమేరలో దించి వేరే ఊరికి పోయింది. వాడు గొడుగు వేసుకొని, తడి తువ్వాల చుట్టుకొని వచ్చి పెనానికి దూరంగా నిలబడ్డాడు. పొయ్యి ఆర్పండి, అప్పుడు జప్తు చేస్తాను అన్నాడు. ముందు రూతమ్మ పోయింది. తమ్ముడి మెడ మీద తువ్వాల లాగేసింది. లింగం, నేను, ఇంకో ఇద్దరు కలిసి వాణ్ని ఎత్తి తెచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టి, గానుగ మోకుతో గుంజకు కట్టాము.

లింగానికి పట్టింది ఒక్క పూటది. నాటిన మొలకలాంటిది, పీకితే వచ్చింది. జీవరాజులోది వానాకాలం నుంచి వేళ్లు దింపింది. సెగకు తోలు ఎర్రబడింది గాని అది కదలలేదు. ఇట్లా చేస్తే మీ బామ్మర్ది చనిపోతాడు, నేను చివరికి గాని పోను అని వాడి నోటితోనే చెప్పింది. చెంప మీద బొబ్బ లేచింది. రూతమ్మ అడ్డం వచ్చింది.

"సాలయ్యా. నా తమ్ముడు కమిలిపోతుండు. ఇంకోటేదన్న జెయ్యి" అన్నది.

వాణ్ని పొయ్యికి కొంచెం దూరం జరిపించాను. సెగ తగలాలి గాని కాలకూడదు. వాడి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. సెగ బయటినుంచి నెడుతున్నది, లోపలినుంచి నెట్టేవాడు లేడు. మూలకు కూర్చోబెట్టారని లింగం అన్నాడు కదా. ఆ మూలలో ఉన్నవాణ్ని లేపాలి. వాణ్ని లేపే మాట నాకు ఒక్కటే తెలుసు.

నా చెప్పులేవిరా అన్నాను. గోడ సందులో అన్నది అది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. బోర్డింగు నుంచి ఏడ్చుకుంటూ నడిచి వచ్చి, తప్పిపోయి, పక్క ఊరి చర్చిలో పడుకున్నావు కదరా అన్నాను. అవును, అది నిజమే అన్నది. కొంగను చూసి దయ్యమని నిక్కరు తడుపుకున్నావు కదరా అన్నాను. అవును అన్నది. నా జీవితమంతా లోపల పెట్టుకున్న మాటలన్నీ ఆనాడు తీశాను. వాడి బక్క కాళ్లను అన్నాను, పాడితే కుక్కలు చేరే గొంతును అన్నాను, పిల్లనిస్తామని వచ్చినవాళ్లు వాణ్ని చూసి నీళ్లు కూడా తాగకుండా పోయినదాన్ని అన్నాను. లింగం పిప్పి తోస్తూ నడుమ నడుమ తన పద్ధతిలో అందుకున్నాడు. ఒక పాకం దిగింది, ఇంకో పాకం ఎక్కింది. నా గొంతు బొంగురుపోయింది. అది ప్రతి మాటకూ నిజమే చెప్పింది. నిజం చెప్పే కొద్దీ దాని పట్టు గట్టిపడుతున్నట్టు ఉన్నది.

పొద్దు వాలింది. జీపు వచ్చే వేళ అవుతున్నది. నా చెప్పులేవిరా అని ఇంకోసారి అడిగాను. గంట వెనక గోడ సందులో అన్నది.

"లేవు" అన్నాను.

అది ఆగింది. "ఉన్నాయి" అన్నది.

"సూసొచ్చిన. లేవు."

అంతకు ముందు నేను నా ఎరుకలో ఎన్నడూ అబద్ధం ఆడలేదు. జీవరాజుకు అది తెలుసు. రూతమ్మకు తెలుసు, ఆ చెప్పులు అక్కడే ఉన్నాయని కూడా తెలుసు. ఆమె నా ముఖం ఒకసారి చూసి వచ్చి పక్కన కూర్చున్నది.

"లేవు తమ్మీ. నేను గూడ సూసిన" అన్నది.

ఆ గోడే లేదని లింగం అన్నాడు. ఆ ఊళ్లో చర్చే లేదని, తన పెండ్లి అయింది ఆ ఊళ్లోనేనని, తనకు తెలియదా అని భూమవ్వ అన్నది. అది ఒక్కొక్కరి ముఖం చూసింది. ఉన్నాయి, ఇత్తడి మేకు ఉన్నది, ఎడమ చెప్పు పైన ఉన్నది అని గబగబా చెప్పసాగింది. మొదటిసారి దాని గొంతులో మర్యాద జారింది. లేవు అన్నాను. లేవు, లేవు అన్నాము అందరం. జీవరాజు పెదవి ఒక మూల అదిరింది. మూగ బావ ముఖం కదపకుండా అబద్ధమాడుతుంటే చూసి ఓర్చుకోవడం వాడివల్ల కాలేదు. కడుపు కదిలింది. భుజాలు కదిలాయి.

"నా చెప్పులేవిరా?"

"సర్కారు..." అన్నాడు. గొంతు చాలా లోతునుంచి వచ్చింది. "సర్కారు జప్తు జేసింది బావా. పెనంతోని గూడ."

అని నవ్వాడు. నవ్వుతో పాటు మెడ వెనక తోలు పగిలింది. జానెడు పొడవున్నది అది. లింగం పిప్పికర్రతో ఎత్తి పొయ్యిలో వేశాడు. రూతమ్మ తమ్ముడి తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. వాడు కళ్లు మూసుకొనే, మా బావకు నోరు వచ్చింది, ఇక ఆపడం ఎట్లా అన్నాడు.

తర్వాత వాడు చెప్పాడు. వాటికి సొంతంగా కాళ్లు లేవు, చేతులు లేవు. నానిన ఆకులో పిల్లలు పెడతాయి. ఒక్కొక్క మనిషిని పట్టడం ఆలస్యమని ముందు ఆఫీసును పట్టాయి. ఆఫీసు నుంచి ఒక్క మాట బయటికి వస్తే ఊళ్లన్నీ వింటాయి గనుక. ఆ చెక్కపెట్టెలో నానిన ఆకు ఉన్నది, హైదరాబాదు పెద్ద ఆఫీసులకు పోవడానికి. నువ్వు ఇంట్లో ఉండు అని రూతమ్మ అన్నది. వాడు వినలేదు. తువ్వాల మళ్లీ తడిపి చుట్టుకున్నాడు, ముఖం బిగించుకున్నాడు. పొలిమేరలో జీపు దగ్గర నిలబడి, వీరస్వామి గారు పెనం అప్పగించడానికి నిరాకరించారండీ అని డ్రైవరుకు చెప్పాడు. నేను చూసి దడుచుకున్నాను. ఎక్కేటప్పుడు వెనక నుంచి చెయ్యితో మొసలి నోరు చేసి చూపించాడు.

మరునాటి పొద్దున మా ఊరివాళ్లం నీళ్ల మడవలు కట్టేశాం. ఆకు ఆరగానే తోటలన్నీ కాల్చాం. చుట్టుపక్కల ఊళ్లకు లింగం పోయి చెప్పాడు. ఏం చెప్పాడో గాని వాళ్లూ కాల్చారు. మంజీర దిక్కు ఆకాశం నల్లబడింది. పొగలో చిటపట చిట్లే చప్పుడు విన్నవాళ్లు ఎవరూ మళ్లీ హుకుం మాట ఎత్తలేదు.

నా పెనాన్ని జప్తు చేయడానికి ఆఫీసు నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. జీవరాజే పంపేవాడు. పంపేముందు ఆ మనిషికి వరసైనవాళ్లు ఎవరో కనుక్కొని మా దగ్గరికి చేర్చేవాడు. జవానుకు వాళ్ల బావ వచ్చాడు, టైపు కొట్టే ఆయనకు మరదలు వచ్చింది. కొందరికి పూట పట్టింది, కొందరికి ఇంకా ఎక్కువే పట్టింది. ఒకాయనకు ఎవరూ లేరు, ఎవరితోనూ నవ్వినవాడు కాడు. ఆయనను లింగం తనవాడిగా చేసుకున్నాడు. పెట్టెను, నల్లరాయిని జీవరాజే జీపులో వేసుకొని తెచ్చాడు. పొయ్యిలో వేస్తే రాయి పగిలి పెనం సొట్టపోయింది. ఆఖరున ఆత్మారాం. ఆయన మేనత్తను నాందేడ్ నుంచి పిలిపించాం. ఆ ముసలామె పొయ్యి పక్కన కూర్చొని మరాఠీలో ఏం తిట్టిందో మాకు అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది.

ఉగాది అయినాక బెల్లం పెనానికి సరైన అనుమతి తీసుకుందామని నిజామాబాద్ పోయాను. కొయ్యకున్న కొత్త చెప్పులు పోయేదారిలో కాలువలో పారేశాను. ఆఫీసులో చాయ్ గ్లాసుల చప్పుడు, బీడీ పొగ. వరండాలో బెంచీలు లేవు. రైతులు నిలబడి ఉన్నారు, మావాళ్లు వాళ్లకు ఎడంగా నిలబడి ఉన్నారు. నేను ఆత్మారాం గదిలోకి పోయాను. ఆయన తల ఎత్తలేదు.

"ఎవడు నువ్వు? బయట నిలవడు" అన్నాడు.

మనిషే. అందులో అనుమానం లేదు. నేను కదలలేదు. గదిలో గోడకు ఆనించి ఒక కుర్చీ ఉన్నది. దాని దిక్కు ఒకసారి చూసి, మళ్లీ ఆయన దిక్కు చూశాను. చూస్తూనే ఉన్నాను. పక్క గదిలో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. జీవరాజు వచ్చాడు. చెంప మీద కాలిన మచ్చ నల్లగా ఉన్నది. ఆ గోడ కుర్చీని బరబరా లాగి ఆత్మారాం బల్ల ముందు వేశాడు.

"మా బావ సార్" అన్నాడు. "సెప్పులడుగ వచ్చిండు. కూసొనే అడుగుతడు."

ఆత్మారాం వాణ్ని చూశాడు, కుర్చీని చూశాడు, నా కాళ్లను చూశాడు. చెయ్యి తనకు తెలియకుండానే మెడ వెనక్కి పోయింది.

నేను కూర్చున్నాను. బాగా వెనక్కి జరిగి కూర్చున్నాను.

"నా చెప్పులేవిరా?" అన్నాను.